మునెప్ప మేస్త్రి నాటిన ఆరు రాళ్ళు

శనివారం ఉదయం బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్టుమెంటు గేటు పక్కన ఇద్దరు మనుషులు చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టడానికి సిద్ధమవుతున్నారు. పాత పెయింటు డబ్బాలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశారు. అది బుసబుసమని పొంగింది. తెల్లటి ఆవిరి లేచి, ముక్కుపుటాలు మండించే ఆ వేడి వాసన గేటంతా అలుముకుంది. పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగినదాన్ని అక్కడే నిలబడిపోయాను. వాచ్‌మన్ అడిగాడు, "ఏం మేడం, సున్నం ఏమన్నా కావాలా?" అని. "కావాలప్పా, అర డబ్బా పోయించు. కుంచె కూడా ఒకటి" అన్నాను. మూడో అంతస్తు ఫ్లాటుకి, అదీ అద్దె ఫ్లాటుకి, ఈవిడ సున్నం ఎక్కడ కొడుతుందా అని అతను నన్ను ఎగాదిగా చూశాడు. చూడనీ. ఆ సున్నం దేనికో చెప్పాలంటే ముందు మునెప్ప మేస్త్రి గురించి చెప్పాలి.

మునెప్ప రోడ్డు గ్యాంగుకి మేస్త్రి. గుంతలు పూడ్చడం, పక్క కాలువలు తవ్వించడం, ఎండిన కొమ్మలు కొట్టించడం ఆయన పని. కోలారు దాటి ఆంధ్ర సరిహద్దు వైపు పోయే ఒక రాష్ట్ర రహదారి ఆయన చేతిలో ఉండేది. రహదారి అనగానే పెద్దగా ఊహించుకోకండి. దాని నంబరు ఒకటే గానీ రోడ్డు మాత్రం నాలుగు ముక్కలు. మొదటి ముక్క తాలూకా ఊరి నుంచి బయలుదేరి అడవి మొదట్లో ఆగిపోతుంది. రెండో ముక్క అడవి అవతల మొదలై, భూమి తగవు తెగని మామిడితోటల దగ్గర నిలిచిపోతుంది. మూడోది తోటల అవతల పుట్టి నల్లవంక అనే ఏటి గట్టున చచ్చిపోతుంది. నాలుగోది వంక అవతల ఎర్రగుంట్లపల్లి దగ్గర మళ్ళీ ప్రాణం పోసుకొని సరిహద్దు దాకా పోతుంది. బస్సు కండక్టర్లు దాన్ని బల్లితోక రోడ్డు అనేవాళ్ళు. తెగిపడినా కొట్టుకుంటూనే ఉంటుందని.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మాది కె.ఆర్.పురం. అమ్మ నర్సు. నాన్న చర్చిలో ఆర్గను వాయించేవాడు. నేను సివిల్ డిప్లొమా పూర్తిచేసి బెంగళూరులో ఒక రోడ్ల ఆఫీసులో పటాలు గీసే పనిలో చేరాను. కంప్యూటరు వచ్చింది గానీ దాని మీద గుడ్డ కప్పి ఉంచేవారు. అందరికీ నా చేతి గీత మీదే నమ్మకం. నాకైతే మరీనూ. కళ్ళు నెత్తికెక్కిన కాలం అది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆ రోడ్డు పటం కొత్తగా గీయాల్సి వచ్చి, ఒకసారి చూసి రమ్మని ఇంజినీరు సారు నన్ను జీపులో పంపారు.

అడవి మొదట్లో, తారు ఆగిపోయిన చోట, తెల్లగా సున్నం కొట్టిన మోకాలెత్తు రాయి ఒకటి కనబడింది. దాని మీద నల్ల రంగుతో కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి 'ఇంతవరకే' అని రాసి ఉంది. దాని పక్కన ఖాకీ చొక్కా, పంచె, తలకు తువ్వాలు చుట్టుకొని ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. డ్రైవరు బండిని వెనక్కి తిప్పి, చుట్టుదారిన రెండో ముక్కకు తీసుకుపోతానన్నాడు. ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమప్పా డ్రైవరు, ఆ యమ్మను ఈడ దించి నువ్వు చుట్టుకోని రా. రోడ్డుండే చోట జీపులో రానీ. రోడ్డు లేని చోట కాళ్ళుండాయి కదా."

"నేను రోడ్డు చూడ్డానికి వచ్చాను మేస్త్రీ, అడవి చూడ్డానికి కాదు" అన్నాను. ముక్కు మీద కోపం నాకు.

"లేని రోడ్డును కూడా చూడల్ల తల్లీ. జనం దాని మిందనే కదా నడిచేది" అని ఆయన ముందు నడిచాడు. తిట్టుకుంటూ వెనకాల పోక తప్పలేదు.

అలా రెండు రోజుల్లో మూడు ఖాళీలూ నడిపించాడు. దారిలో ఎవరు ఎదురైనా నిలబెట్టి, "ఈమె ఎస్తేరమ్మ, బెంగళూరు నుంచి వచ్చిండాది, మన పటం గీస్తాది" అని పరిచయం చేసేవాడు. వాళ్ళు నన్ను డాక్టరమ్మను చూసినట్టు చూసేవాళ్ళు. ప్రతి ఖాళీకి అటొకటి ఇటొకటి, మొత్తం ఆరు రాళ్ళు. వాటిని పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఏ లెక్కలోనూ లేవు. తాను వయసులో ఉన్నప్పుడు ఒక లారీ సాయంత్రం మసకలో రోడ్డుందనుకొని వస్తూ నల్లవంకలో దిగబడిందట. ఆ వారంలోనే ఆరు రాళ్ళూ తెచ్చి నాటాడు. ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు గ్యాంగు వాళ్ళందరూ పారలకూ గడ్డపారలకూ బొట్టు పెడితే, ఈయన ముందు ఆరు రాళ్ళకూ సున్నం కొట్టి వచ్చి ఆ తర్వాతే పూజలో కూర్చునేవాడు. రోడ్డు ఉందని చెప్పడానికి ఊరూరా రాళ్ళుంటాయి. లేదని చెప్పడానికి రాయి పాతిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

నల్లవంక దగ్గరికి వచ్చాక ఆయన మాట కొంచెం తడబడింది. అవతల ఎర్రగుంట్లపల్లి కనబడుతోంది. వంకా, దాని పక్క బురద పొలాలూ కలిపి కిలోమీటరున్నర. ఎండాకాలం ఇసుక, వానాకాలం నడుము లోతు నీళ్ళు. పాలక్యాన్లు తలమీద పెట్టుకొని ఆడవాళ్ళు దాటుతారు. బడి పిల్లలు చెప్పులు చేత పట్టుకొని దాటుతారు. నీళ్ళు ఎక్కువొస్తే అందరూ అటే ఉండిపోతారు.

"నా బిడ్డ లక్ష్మీదేవిని ఆడికే ఇచ్చినా" అన్నాడు. "మంచి సంబంధం. ఆ యమ్మ వంక చూసి ఏడ్చింది. రెండేండ్లలో రోడ్డు కలుస్తాది, నేనుండాను కదా అని చెప్పినా. నాలుగేండ్లాయె." ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు పటం కొత్తగా గీస్తాండారంటే ఈ వంక కూడా పైవాళ్ళ కంట్లో పడతాది కదమ్మా?" అని అడిగాడు.

"పడకుండా ఎక్కడికి పోతుంది మేస్త్రీ" అన్నాను. మాటదేముంది, ఎంతైనా చెప్పొచ్చు.

బెంగళూరు వచ్చి పటం గీశాను. ఇక్కడే నా నిర్వాకం. నాలుగు ముక్కలుగా గీస్తే కాగితం మీద తెగిపోయిన దారపు పోగులా అసహ్యంగా కనబడింది. నంబరు ఒకటే అయినప్పుడు గీత కూడా ఒకటే ఉంటే ఏం పోయింది అనిపించింది. ఖాళీల దగ్గర చుక్కల గీత పెట్టాలని పద్ధతి. చుక్కలు పెట్టడం మొదలుపెట్టి, మరీ చిన్న ఖాళీలు కదా అని, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతగా లాగేశాను. ఏం గీత అనుకున్నారు! వెంట్రుకంత వంకర లేదు. ఇంజినీరు సారు మెచ్చుకొని పైకి పంపారు. పంపేముందు మునెప్ప ఏదో పని మీద ఆఫీసుకొస్తే ఆయనకీ గొప్పగా చూపించాను. ఆయన గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఈడ వంక యాడుండాదమ్మా?"

"పటంలో అన్నీ చిన్నవైపోతాయి మేస్త్రీ, కనబడదు."

"అట్లనా. నాకేం గొత్తు, తెలిసినదానివి నువ్వు కదా" అని నమ్మి వెళ్ళిపోయాడు.

ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూస్తుంటే ఎవరో చెప్పారు, బయట బెంచీ మీద మేస్త్రి పొద్దుటి నుంచి కూర్చొని ఉన్నాడని. వెళ్ళాను. గుడ్డసంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. వంక మీద రోడ్డు కలపమని ఎర్రగుంట్లపల్లి వాళ్ళు అర్జీ పెట్టుకుంటే వచ్చిన జవాబు అది. 'పటం ప్రకారం సదరు రోడ్డు ఇప్పటికే ఉన్నది. కొత్తగా వేయవలసిన అవసరం లేదు' అని ఉంది. దానికి జత చేసిన నకలు నా పటమే. కింద మూలన నా పొడి అక్షరాలు కూడా ఉన్నాయి.

"ఈ గీత గీసింది నువ్వేనా ఎస్తేరమ్మా?"

"నేనే" అన్నాను.

"బాగుండాది. చానా బాగుండాది." ఆ మాటల్లో ఎగతాళి లేదు. కాగితాన్ని నా చేతిలో పరిచి పెట్టాడు. "నా లక్ష్మీదేవికి ఎనిమిదో నెల. కానుపుకు ఇంటికి పిలుచుకొని రావల్ల. వానలు పట్టుకున్నాయి, వంక నిండిపోయి ఉండాది. ఇదో, నీ గీత ఉండాది కదా. దీని మింద నా బిడ్డను పిలుచుకొని రా."

నన్ను చెంప మీద కొట్టినా బాగుండేది. అక్కడే, ఆ వరండాలో, వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తుండగా ఏడ్చేశాను. ఆయనే కంగారుపడ్డాడు. "ఏడిస్తే ఆ నీళ్ళు కూడా వంకలోకే పోతాయి, ఊరుకో తల్లీ" అని తువ్వాలు ఇచ్చాడు.

ఇంజినీరు సారు దగ్గరికి పోదామన్నాను. నోటితో అన్నానే గానీ పోలేదు. ఆ పటం మీద ఆయన సంతకం ఉంది. తప్పని తేలితే ముందు ఊడేది నా ఉద్యోగం. మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అమ్మకు చెప్పాను. వార్డులో ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి ఆమె. "తప్పు మందు వేస్తే దాచిపెడతామా? పేషెంటు చస్తాడు. చెప్పు" అని మాత్రం అంది. చెబుదామంటే సారు వినిపించుకుంటేగా! "పైకి పోయిన కాగితాన్ని వెనక్కి లాగడం ఎంత గొడవో నీకు తెలియదమ్మాయ్, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. చెడ్డవారు కాదు. కడుపులో చల్ల కదలకుండా ఉండాలనుకునే మనిషి, అంతే.

మునెప్పకు చెబితే కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వచ్చే వారం ఆయుధపూజ. గ్యాంగు పిలిస్తే సారు రాక తప్పదు. గుమ్మడికాయ సారు చేతనే కదా కొట్టించేది. పూజ ఐదో రాయి కాడ పెడతాను. నువ్వు సుమ్నే, ఏం మాట్లాడకుండా, సారుతో రా" అన్నాడు.

ఆయుధపూజకు గ్యాంగు పిలుపును ఏ ఇంజినీరూ కాదనడు. సారు ఇస్త్రీ ప్యాంటు, కొత్త బూట్లు వేసుకొని వచ్చారు. మూడో ముక్క చివర, నల్లవంక గట్టున, పారలూ గడ్డపారలూ మట్టి మోసే గమేళాలూ కడిగి బొట్లు పెట్టి వరసగా పేర్చి ఉన్నాయి. సున్నం కొట్టిన ఐదో రాయి ఎండలో మెరుస్తోంది. నేను పూజలో నిలబడను, ఒక పక్కన ఉంటాను. అది వాళ్ళకూ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. సారు బూడిదగుమ్మడికాయ కొట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు. సారు ఆకలిగా చుట్టూ చూసి, "భోజనాలెక్కడ మునెప్పా?" అని అడిగారు.

మేస్త్రి చేతులు కట్టుకొని, ఎంతో వినయంగా, "అవతల నా బిడ్డ ఇంట్లో చేయించినా సార్. అదో, ఆ కనబడతాండాదే, అదే" అని వంక అవతలికి చూపించాడు.

"మరి ఎట్లా పోయేది?"

"పటంలో రోడ్డుండాది సార్" అన్నాడు మునెప్ప.

గ్యాంగులో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. సారు నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను, అందరి ముందూ. "తప్పు నాది సార్. ఇక్కడ రోడ్డు లేదని తెలిసే గీత కలిపేశాను. అందంగా ఉంటుందని." నా జీవితంలో అంత సిగ్గుపడి చెప్పిన మాట ఇంకోటి లేదు. అంత తేలికపడిన క్షణమూ లేదు. సారు వంగి బూట్లు విప్పారు, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచారు. మేస్త్రి ముందు నడుస్తూ గడ్డపారతో నేల తడుముతుంటే, వెనక సారు, ఆ వెనక నేను. తొడల లోతు నీళ్ళు. మధ్యలో సారు ఒక బూటు జారవిడిచారు. అది నీళ్ళలో కొట్టుకుపోతుంటే పాలక్యాను మోస్తున్న ఒకావిడ చటుక్కున పట్టుకొని, "పట్నం చెప్పు, ఈదడం వచ్చినట్టుండాదే" అంది. సారు కూడా నవ్వేశారు.

రాగిముద్ద, చిక్కుడుగింజల పులుసు. సారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు లక్ష్మీదేవిని నులకమంచం మీద కూర్చోబెట్టి నలుగురు గ్యాంగు మనుషులు భుజాల మీద మోశారు. మేస్త్రి మళ్ళీ గడ్డపారతో ముందు నడిచాడు. ఒక్కో అడుగూ మోపి, ఆగి, "ఊ, రాండప్పా" అంటున్నాడు. గట్టెక్కాక కూతురు, "రెండేండ్లంటివి కదప్పా" అంది, నవ్వుతూనే. ఆయన తల దించుకున్నాడు. ఇంజినీరు సారు తన జీపులో ఆమెను ఇంటికి పంపి, తాను రాయి పక్కన కూర్చొని జీపు తిరిగొచ్చేదాకా ఎదురుచూశారు. తర్వాతి సోమవారం సరిచేసిన పటం మీద సంతకం పెట్టారు. నా ఉద్యోగం నిలిచింది. లక్ష్మీదేవికి ఆడపిల్ల పుట్టింది.

పటం మారగానే రోడ్డు వచ్చేస్తుందా? నా మొహం! అడవి ఖాళీ కలవడానికి ఆరేళ్ళు పట్టింది. మామిడితోటల తగవు తీరడానికి ఇంకో ఐదేళ్ళు. కలిసిన ప్రతిసారీ మునెప్ప ఫోన్ చేసేవాడు. అప్పటికి పనిలోంచి దిగిపోయినా రాళ్ళు మాత్రం ఆయనవే. వాటిని పీకే ముందు కూడా సున్నం కొట్టేవాడు. ఎటూ పీకేసే రాయికి సున్నమెందుకు మేస్త్రీ అంటే, "ఇన్నేండ్లు ఎండలో నిలబడి నిజం చెప్పింది. నీళ్ళు కూడా పొయ్యకుండా పంపిస్తామా?" అనేవాడు. నల్లవంకకు మాత్రం వంతెన కావాలి. అది ప్రతి ఏడూ వచ్చే ఏటికి వాయిదా పడుతూ వచ్చింది. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. పోయే ముందు చూడ్డానికి వెళ్తే, ఎముకల గూడైపోయినా ఆ పాత నవ్వుతో, "కడపటి రాళ్ళు నువ్వే పీకల్ల ఎస్తేరమ్మా. గీత గీసినదానివి నువ్వే కదా" అన్నాడు. సరేనన్నాను. ఈసారి మాట తేలిగ్గా రాలేదు.

ఇప్పుడు నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఫోన్లకు పటాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉన్నాను. అక్కడ గీతలు మనుషులు గీయరు, సాఫ్ట్‌వేరు గీస్తుంది. దానికీ నా ఇరవై మూడేళ్ళ బుద్ధే. ఒకే నంబరున్న రెండు ముక్కలు దగ్గరగా కనబడితే కలిపేస్తుంది. మొదటి వారంలోనే నా టీములోని నిఖిత వచ్చి, "అక్కా, ఈ స్టేట్ హైవేలో చిన్న గ్యాప్ ఉంది, డేటా ఎర్రర్ అనుకుంటా, జాయిన్ చేసేయనా?" అంది. చూస్తే నల్లవంక. "ముట్టుకోకు" అని అరిచాను. పాపం ఆ పిల్ల బెదిరిపోయింది. తర్వాత కాఫీ తాగిస్తూ మేస్త్రి కథ మొత్తం చెప్పాను. ఇప్పటికి మూడుసార్లు సాఫ్ట్‌వేరు కలిపింది, మూడుసార్లు నేను విడదీశాను. ఆఫీసులో దానికి ఎస్తేరక్క గ్యాప్ అని పేరు. అనుమానం వచ్చిన ప్రతి ఖాళీకీ ఆ ఊళ్ళో మనిషికి ఫోన్ చేసి అడగనిదే మా టీములో ఎవరూ గీత కలపరు. నిదానం అని తిట్లు తింటాం. తింటే తిన్నాం.

మొన్న బుధవారం లక్ష్మీదేవి ఫోన్ చేసింది. "అక్కా, వంతెన అయిపాయె. తారు కూడా వేసినారు. కంట్రాక్టరు మనుషులు రాళ్ళు తీసేస్తామంటే నేను ఒప్పలే. మా అప్ప నీకు చెప్పిండాడంట కదా. ఆదివారం రా."

అందుకే సున్నం. ఆదివారం పొద్దున డబ్బా, కుంచె, ఒక గడ్డపార కారులో పెట్టుకొని కె.ఆర్.పురం మీదుగా వెళ్ళాను. ఐదో రాయి గడ్డిలో సగం కూరుకుపోయి ఉంది. అక్షరాలు చెరిగిపోయాయి. చీర కుచ్చిళ్ళు దోపి, దానికి నిదానంగా సున్నం కొట్టాను. అది ఆరేదాకా పక్కనే కూర్చున్నాను. తర్వాత గడ్డపారతో కదిలించాను. నాకు తెలిసే పాతికేళ్ళ పైబడి పాతుకున్న రాయి, ఊరికే వస్తుందా? అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి పక్కకు ఒరిగింది. ఆరోది అవతలి గట్టున ఉంది, దాని వంతు తర్వాత. అక్కడ మిగిలిన గుంటలోకి చూస్తూ, "మేస్త్రీ, పీకేశాను" అని పైకే అన్నాను. వినడానికి ఎవరూ లేరు. అయినా అన్నాను.

కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, పటంలో నల్లవంక దగ్గర ఆగాను. ఎదురుగా నిజం రోడ్డు నల్లగా, నున్నగా వంతెన మీదుగా అవతలికి పోతోంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. అయినా వేలు ఆడలేదు. అంతలో అవతలి గట్టు నుంచి మోపెడ్ చప్పుడు వినబడింది. లక్ష్మీదేవి. వెనక రెండు పాలక్యాన్లు, జుట్టులో తెల్ల వెంట్రుకలు, కాళ్ళకు పొడి చెప్పులు. వంతెన దాటి వచ్చి నా పక్కన ఆపింది.

అప్పుడు గీత కలిపాను.